ఇరవై నంబరు ఈగ

మే 10
చేపలు పట్టే మా క్లబ్ జట్టులో ఒక్క చోటు ఖాళీ. బన్యా లూకాలో పోటీలు. ఆదివారం సెలక్షన్. పేరిచ్చాను. సెక్రటరీ రాదోమిర్ కళ్ళజోడు పైనుంచి చూసి, ఏమ్మా స్లావోయ్కా, గాలాలకు ఈకలు చుట్టుకుంటూ హాయిగా ఇంట్లో కూర్చోక నీకెందుకీ గొడవ అన్నాడు. పదేళ్ళుగా వీళ్ళందరికీ గాలాలకు ఎరగా ఉత్తుత్తి ఈగలు కట్టింది నేనే. వీళ్ళకు ట్రౌట్ చేప పడుతోందంటే నా వేళ్ళ పుణ్యం. నాకా చోటు కావాలి.

మే 12, ఉదయం 7
వంతెన కింద సాలెగూళ్ళు చూశాను. ఈ వారం నది మీద ఎగిరే ఈగలన్నీ అక్కడ చిక్కుకుని ఉంటాయి. మావాళ్ళు నిలబడ్డ రెక్కలు చూసి సైజు కడతారు. రెక్కలు పెద్దవే. నేను స్కేలు పెట్టి ఒళ్ళు మాత్రం కొలిచాను, తోక వదిలేసి. ఐదు మిల్లీమీటర్లు కూడా లేదు. వాళ్ళు వాడే పదహారు నంబరు గాలం చాలా పెద్దది. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నది. నాది ఇరవై.

మే 13
భయంగా ఉంది. అయినా సరే.

మే 14, సాయంత్రం
మా క్లబ్ రూలు: పొద్దున్నే బోర్డు మీద పేరు పక్కన గాలం నంబరు రాయాలి, రోజంతా మార్చకూడదు. నేను 20 రాయగానే నవ్వులు. పేలు పడతావా అని ఒకడు. రాదోమిర్ బావమరిది ప్రెద్రాగ్ అయితే, పదహారు రాసుకో వదినా, పరువైనా దక్కుతుంది అన్నాడు. ఆ 20 మీదే సుద్దముక్కతో ఇంకోసారి గట్టిగా దిద్దాను.

మధ్యాహ్నం దాకా ఒక్కటీ పడలేదు. ఒకటి తగిలి, తెంపుకుని పోయింది. ఏడుపొచ్చింది. ఎవరూ చూడటం లేదు కదా అని చెయ్యి పదహారు నంబరు డబ్బా దాకా వెళ్ళింది కూడా. సిగ్గేసి వెనక్కి తీసుకున్నాను. రెండింటికి నది మీద అసలు ఈగలు లేచాయి. చేపలు ప్రెద్రాగ్ పదహారు నంబరు ఈగ దాకా వచ్చి, మూతి ఆనించకుండానే తిరిగిపోయాయి. నాది మింగాయి. నాకు ఐదు, అతనికి రెండు.

జట్టులోకి ప్రెద్రాగ్‌ను తీసుకున్నారు. నాది అదృష్టమట. జట్టుకు అనుభవం కావాలట. ఒళ్ళు మండిపోయింది. నీ బావమరిది కాకపోవడమే నా తప్పా అని రాదోమిర్‌ను అందరి ముందూ అడిగేశాను.

మే 19
రాదోమిర్ వచ్చాడు. అయిందేదో అయింది, ఓ డజను ఇరవై నంబరువి కట్టిపెట్టమ్మా అన్నాడు. అవి బన్యా లూకా వస్తే నాతోనే వస్తాయి అన్నాను. అతను గుమ్మంలోంచి కదల్లేదు.

కాఫీ కాచాను. ఒక్క కప్పు. గుమ్మంలో మనిషి ఉండగా ఈ ఊళ్ళో ఎవరూ అలా ఒక్కరే తాగరు. నేను తాగాను.