ఆఖరి బంతి విస్తళ్ళు

ఏమండీ,

అమ్మను నకరికల్లులో దించడానికి వెళ్తున్నాను, మూడింటికల్లా వస్తాను. పదింటికి క్యాటరింగ్ శేషయ్య మన అమ్మాయి పెళ్ళి బిల్లు పట్టుకుని వస్తాడు. టీ ఇవ్వండి, డబ్బు మాత్రం ఇవ్వకండి. ఫోన్‌లో కూడా కొట్టకండి.

ఆఖరి బంతిలో లేచిన నలభై ఆరు విస్తళ్ళకూ నిండు భోజనం రేటు వేశాడు. ఆ బంతిలో కూర్చున్నది మనింటి ఆడవాళ్ళు, గిన్నెలు తోమినవాళ్ళు. అప్పటికి కూరలూ బొబ్బట్లూ అయిపోయి, మాకు పడింది అన్నం, ఆవకాయ, నీళ్ళ మజ్జిగ. నేను అడిగితే, "ఇంటోళ్ళే గదక్కా, ఈ ఒక్కపూటకి ఏందిలే, సర్దుకోండి" అని నవ్వాడు. వియ్యాలవారి ముందు రగడ ఎందుకని నేను నోరు మూసుకున్నాను. దాన్ని ఒప్పుకోవడం అనుకున్నాడు.

ఆ నలభై ఆరూ కొట్టేసి బిల్లు మళ్ళీ రాసుకురమ్మనండి. మీకు మొహమాటమైతే మా ఆవిడ ఒప్పుకోవట్లేదని చెప్పండి. నాకేం నామోషీ లేదు. ఈసారి నేను సర్దుకోను.

సుకన్య

పెళ్ళికూతురి అమ్మమ్మ అయ్యుండి అమ్మ ఆ మజ్జిగన్నమే తిని, కడుపు నిండిందని నాతో అబద్ధం చెప్పింది. పొద్దున్నే లేచి ఆమెకు బొబ్బట్లు చేసి డబ్బాలో పెట్టాను. మీకు రెండు మూత కింద ఉంచాను. మొదటి బంతిలో మీరు తిన్నవి ఇలాగే ఉన్నాయేమో, నేను వచ్చాక చెప్పండి.