జిరాఫీ మెడకు వేసిన సున్నా

చిక్కడపల్లి

చిరంజీవి హర్షకు,

అమ్మ దీవెనలు. ఇంట్లో అందరం ఆరోగ్యంగానే ఉన్నాం. బాగున్నామని మాత్రం రాయలేను, ఒళ్ళు మండిపోతోంది. మీ హాస్టల్లో ఫోన్ ఇవ్వకపోవడమే మంచిదైంది, ఫోన్లో అయితే అరిచేదాన్ని.

అన్నం ఉడకడం లేదన్నావు. మొహమాటపడకుండా వార్డెన్‌కు చెప్పు. పోయిన ఉత్తరంలో నాన్న రెండు ముక్కలు రాయలేదేమని అడిగావు. చెబుతాను, ముందు శ్రీదివ్య సంగతి విను.

మా నారాయణగూడ బడిలో పోయిన ఏడాది నా దగ్గర బయాలజీ చదివింది, ఇప్పుడు పదో తరగతి. వాళ్ళ నాన్న మహబూబ్‌నగర్ నుంచి వచ్చి ఇటుకలు మోస్తాడు. జిరాఫీ మెడ ఎందుకు పొడవైందని పరీక్షలో ప్రశ్న. క్లాసంతా గైడు దించేశారు. ఆకుల కోసం చాచి చాచి మెడ సాగిందట, సాగిన మెడే పిల్లలకు వచ్చిందట. శ్రీదివ్య ఒక్కతే, కొన్ని జిరాఫీలు కాస్త పొడుగు మెడతోనే పుట్టాయనీ, తిండి అంది అవే ఎక్కువగా బతికి పిల్లల్ని కన్నాయనీ రాసింది. దానికి సున్నా. దిద్దడానికిచ్చిన జవాబుల కీలో అలా లేదట. ఆ సున్నాతో పిల్లను వెనకబడినవాళ్ళ సెక్షన్‌కు పంపుతున్నారు.

"మా నాయన భుజం కాయ కాసింది టీచర్. మోసినందుకు వచ్చింది పిల్లలకు వస్తదంటే, నాకు పుట్టంగనే ఉండాలె గద?" అన్నది నాతో. ఇంత ఆలోచించే పిల్లకు సున్నా వేయడానికి చెయ్యి ఎలా వచ్చిందో.

ఇంతసేపూ రాయలేక ఆగాను. ఆ చెయ్యి మీ నాన్నది. పదో తరగతికి బయాలజీ చెప్పేదీ, కీ తయారు చేసిందీ ఆయనే.

సాయంత్రం అశోక్ నగర్ కోచింగ్ సెంటర్లో గ్రూప్స్ వాళ్ళకు ఇదే పాఠం శ్రీదివ్య రాసినట్టే చెబుతారు. మరి బడిలో ఎందుకిలా అని అడిగితే, "పదో తరగతోళ్ళకు గంతే అర్థమైతది. గైడ్ల ఉన్నది రాస్తే మార్కులొస్తయి, లొల్లెందుకు?" అన్నారు, అన్నం కలుపుకుంటూ. అర్థమైన ఒక్క పిల్లకూ సున్నా వేసి, ఆ మాట ఎలా అనబుద్ధయిందో. ఆ రోజు నుంచి మాకు మాటల్లేవు.

హెడ్‌మిస్ట్రెస్‌తో గొడవపడ్డాను. ఆమె ఏదీ తేల్చకముందే, నిన్న శ్రీదివ్య స్టాఫ్ రూముకు వచ్చి మీ నాన్న ముందు చేతులు కట్టుకుని నిలబడింది. "తప్పయింది సార్. గైడ్ల ఉన్నట్టే నేర్చుకున్న, చెప్పాల్నా?" అని గడగడా అప్పజెప్పింది.

మీ నాన్న "వెరీ గుడ్" అన్నారు. ఆ పిల్ల నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది.

ఇట్లు,
నీ మీద ఏ కోపమూ లేని
అమ్మ