మళ్ళీ అడగను

ఏమండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. నిన్న బెజవాడ వెళ్ళొచ్చా. ఓసీడీ అని, ఒకే అనుమానం వదలకుండా పీడించే జబ్బు ఉన్న పిల్లల అమ్మానాన్నల కోసం సదస్సు పెట్టారు. మన శిరీషది ఆ జబ్బేనని మీరు పోయాకే తెలిసింది.

వేదాద్రి గుళ్ళో దణ్ణం పెట్టుకుంటుంటే మనసులో ఏదో చెడ్డమాట మెదిలిందని అది ఎంత భయపడిపోయిందో గుర్తుందా? "నాన్నా, స్వామికి నా మీద కోపం వచ్చిందా? ఈ ఒక్కసారికి చెప్పు, మళ్ళీ అడగను" అంటూ రోజంతా మీ వెనకే తిరిగేది. మీరేమో కొట్లో తూకం ఆపి మరీ, "రాలేదు తల్లీ" అనేవారు. ముద్దు చేసి పాడుచేస్తున్నారని నేను సాధించేదాన్ని.

సదస్సులో డాక్టరుగారు కూడా అదే చెప్పారండి. అలా జవాబు చెప్పేకొద్దీ ఆ భయం ముదురుతుందట. నా పక్కనున్న మైలవరం ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు మాత్రం, చూశారా, నేనన్నదే రైటు అనిపించింది. పోయిన మనిషి మీద గెలిచానని సంతోషపడ్డా. మన పేట బస్సెక్కి కీసర దాటేదాకా ఆ సంతోషం ఉంది. ఆ తర్వాత మీ మొహం గుర్తొచ్చింది.

ఇంటికి రాగానే శిరీష నన్నూ అదే మాట అడిగింది. డాక్టరుగారు నేర్పినట్టే, "నాకు తెలీదమ్మా" అన్నా. అది, "నాన్నయితే చెప్పేవాడు" అని లోపలికెళ్ళిపోయింది.

అప్పట్నుంచి బియ్యం కడుగుతున్నా, దీపం పెడుతున్నా నాకదే ధ్యాస. మీకు నా మీద కోపం వచ్చిందా? ఈ ఒక్కసారికి రాలేదనండి. మళ్ళీ అడగను.