నాలుక మీది గడ్డ

సోమవారం

చిరంజీవి ఓంకార్‌కు, నీ మేనేజర్ జయలక్ష్మి దీవించి రాస్తున్నది.

మెయిల్ పెడితే పైవాళ్ళ కంట పడుతుందని, కాగితం మీద రాసి నీ కీబోర్డు కింద పెడుతున్నాను. నీ నాలుక మీద ఏదో ఉందట కదా! నాలుక మీద మచ్చ ఉన్నవాడు ఏమంటే అది జరిగి తీరుతుందని మా అమ్మమ్మ చెప్పేది. మొన్న మీటింగులో "ఇది పక్కా కూలుతది మేడం" అన్నావు. సాయంత్రానికల్లా మన సాఫ్ట్‌వేర్ కూలింది. "ఈ లిఫ్టు ఆగుతది" అన్నావు. ఆగింది, లోపల నేనే ఉన్నాను. శుక్రవారం ఉద్యోగాలు పోయేవాళ్ళ జాబితా వస్తోంది. అప్పటిదాకా ఆఫీసులో నోరు తెరవకు. ఏం చెప్పాలన్నా రాసి ఇవ్వు.

ఇట్లు,
కంగారులో ఉన్న జయలక్ష్మి

తా.క. ఆవలింత వస్తే చెయ్యి అడ్డం పెట్టుకో.

మంగళవారం

జయలక్ష్మి మేడం గారికి, ఓంకార్ నమస్కారాలు.

అది మచ్చ కాదు మేడం, కొవ్వు గడ్డ. నాలుక మీద ఇలాంటిది రావడం చాలా అరుదట. చూస్తే ప్రమాదం లేనిదిలాగే ఉంది కానీ, తీసి పరీక్షకు పంపితేనే రూఢిగా చెప్పగలమన్నారు డాక్టర్ గారు. మా అమ్మది ఒకటే గోల. "మంచిదే అయితే కోసుడెందుకు బిడ్డా? నాతోని ఏమన్న దాస్తున్నవా?" అంటుంది. నాకూ భయంగానే ఉంది. గురువారం ఆపరేషన్. దయచేసి సెలవు ఇప్పించండి.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. నేను టెస్టర్ని. కూలుతుందని చెప్పడానికే కంపెనీ నాకు జీతమిస్తోంది. లిఫ్టంటారా, అది రోజూ ఆగుతుంది.

మీ విధేయుడు,
ఓంకార్

తా.క. నేను మౌనవ్రతం పట్టాననుకుని మన టీమ్ ప్రియదర్శిని నా టేబుల్ మీద అరటిపండ్లు పెట్టి దండం పెట్టుకుంది.

బుధవారం

నాయనా ఓంకార్,

గురువారం తీయించుకుంటావా! నీకు పుణ్యముంటుంది, ఒక్క రోజు ఆగు. శుక్రవారం పొద్దున పదింటికి టీమంతా నీ ముందు నిలబడతాం. "ఎవ్వరి ఉద్యోగం పోదు" అని ఒక్కసారి అను. ఆ తరవాత నాలుక మొత్తం కోయించుకున్నా నేను అడ్డు రాను. నీకిది నవ్వులాటగా ఉంది. నాకు యాభై రెండేళ్ళు. ఈ వయసులో నన్ను ఇంకెవరు తీసుకుంటారు? నాలుగు రోజులుగా కాలు ఒకచోట నిలవడం లేదు.

జయలక్ష్మి

తా.క. ఆ అరటిపండ్లు పెట్టించింది నేనే.

బుధవారం సాయంత్రం

మేడం గారికి,

ఆ మాట నేను అనను. అన్నాక ఎవరి ఉద్యోగమైనా పోతే ఆ పాపం నా మెడకు చుట్టుకుంటుంది. అన్నం తింటుంటే గడ్డ పంటికింద పడుతోంది. మాట ముద్దముద్దగా వస్తోంది. సెలవు ఇచ్చినా ఇవ్వకపోయినా రేపు వెళ్తున్నాను. క్షమించండి.

ఓంకార్

తా.క. డైరెక్టర్ హేమంత్ సార్ లిఫ్టులో నన్ను చూసి దిగిపోయి మెట్లెక్కారు. ఆయన గది తొమ్మిదో అంతస్తులో కదా?

సోమవారం

చిరంజీవి ఓంకార్‌కు,

ఈ ఉత్తరం ప్రియదర్శిని చేతికిచ్చి నానక్‌రామ్‌గూడలోని మీ ఇంటికి పంపుతున్నాను. రిపోర్టు వచ్చిందని, ఒట్టి కొవ్వేనని మీ అమ్మగారు ఫోన్లో ఏడుస్తూ చెప్పారు. నాకూ ఏడుపొచ్చింది. చల్లగా ఉండు.

జాబితా సంగతి విను. శుక్రవారం రావాల్సింది ఇవాళ వచ్చింది. మన టీమ్‌లో రెండు పేర్లు. మొదటిది నీదే. హేమంత్ సార్ దాని దగ్గర ఆగి, "వీడు పోతూ పోతూ ఏమంటాడో, మనకెందుకొచ్చిన గొడవ" అని నా కళ్ళ ముందే ఆ పేరు కొట్టేశారు. నిన్ను కాపాడింది ఆ గడ్డే. అది తీసేశారని పొరపాటున కూడా ఎవరికీ చెప్పకు. ఎల్లుండి వచ్చి గంభీరంగా కూర్చో.

నీ మేలు కోరే,
జయలక్ష్మి

తా.క. రెండో పేరు నాది. నాకూ నాలుక కింద ఒకటి లేచిందని గబుక్కున నోటికొచ్చింది. సార్ కలం కింద పెట్టి, రేపు నోరు తెరిపించి చూస్తానన్నారు. నీది ఎంత ఉండేదో, ఏ రంగులో ఉండేదో వెంటనే రాసి పంపు. శనగలు నానబెట్టాను.