సోడాతో కడిగిన బొగ్గు

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవిస్తూ రాసేది. మేమంతా బాగానే ఉన్నాం. బాగుండటమంటే తింటున్నాం, పనికి పోతున్నాం, అంతే. అమ్మ పోయాక నువ్వు రాసిన మొదటి ఉత్తరం అందింది. మరదలికి దగ్గు తగ్గిందన్నావు, సంతోషం.

"ఒక బొగ్గుకీ ఇంకో బొగ్గుకీ తేడా ఏంటక్కా, అన్నీ నల్లగానే ఉంటాయిగా" అని అడిగావు. ల్యాబులో పొద్దస్తమానం నేను చూసేది ఆ తేడానేరా. మీ బోరు నీళ్లలో ఉండి కిడ్నీలను దెబ్బతీసే యురేనియాన్ని మామూలు పొయ్యి బొగ్గు అంటీముట్టనట్టు పట్టుకుంటుంది. అదే బొగ్గును యాసిడ్‌లో నానబెడితే పైన ఆక్సిజన్ చేరి గట్టిగా పట్టుకుంటుంది. పల్చటి రేకుల్లాంటి గ్రాఫీన్ ఆక్సైడ్ ఇంకా ఎక్కువ పడుతుంది గానీ, దాని ధర వింటే నీకు కళ్లు తిరుగుతాయి. అందుకే మీ బోరు నీళ్ల ఫిల్టరుకి యాసిడ్ బొగ్గు పంపాను.

పరీక్షకని నువ్వు పంపిన పాత బొగ్గునూ, ఫిల్టరు నీళ్లనూ చూశాను. అన్నాళ్లు వాడిన బొగ్గులో యురేనియం దాదాపు లేదు. నీళ్లలో మాత్రం బోరులో ఉన్నదానికంటే ఎక్కువ ఉంది. తల బద్దలు కొట్టుకుని, నీ ఉత్తరం మళ్లీ చదివాను. "అమ్మ తాగేది కదా అని వారం వారం బొగ్గును బట్టల సోడాతో కడిగేవాణ్ణి, కడిగాక వచ్చే మొదటి గ్లాసు అమ్మకే ఇచ్చేవాణ్ణి" అని రాశావు.

ఒరే, సోడా తగిలితే యురేనియం బొగ్గును వదిలేసి నీళ్లలో కలుస్తుంది. వారమంతా బొగ్గు పట్టినది చాలావరకు ఆ మొదటి గ్లాసులోకే దిగుతుంది. ల్యాబులో మేము దాన్ని కావాలని వదిలించడానికి వాడేది ఆ సోడానే. ఎవరైనా అలా కడుగుతారని నాకు తోచలేదు.

"అమ్మను బాగానే చూసుకున్నాను కదక్కా" అన్నావు. నాకంటే బాగా చూసుకున్నావు. ఆవిడ కిడ్నీలు ముందే పాడయ్యాయి, ఆ నీళ్లవల్లే పోయిందని ఏ డాక్టరూ చెప్పలేడు. కాదని నేనూ చెప్పలేను. ఈ మాట కడుపులోనే దాచుకుందామనుకున్నాను. కానీ ఇప్పుడు ఆ మొదటి గ్లాసు మీ పాపకు ఇస్తున్నానని రాశావు. కారణం చెప్పకుండా, పాపకు కొన్న నీళ్లే పట్టమని మరదలికి ఫోన్ చేశాను. నువ్వేమో "దండగెందుకు, బొగ్గును ఇంకా బాగా కడుగుతాలే" అన్నావట. ఇక చెప్పక తప్పలేదు.

ముందు లేచి ఆ నీళ్లు పారబొయ్యి. ఈ ఉత్తరం వెనకే నేనూ వస్తున్నాను. అప్పటిదాకా ఒక్కడివే కూర్చుని ఏడవకు, ఇద్దరం కలిసే ఏడుద్దాం.

ఇట్లు,
నిన్ను చంకనేసుకుని పెంచిన అక్క