పాతరలో దొరికిన చెంబు

నందిగామ,
బుధవారం.

అమ్మకు, గ్రేసీ ప్రభువు పేరిట చేసే వందనాలు. ఇక్కడ నేనూ నీ అల్లుడూ బాగానే ఉన్నాం. కాకినాడలో నువ్వూ, తమ్ముడూ, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. ఫోన్లో నీకు సగం మాటలే వినపడతాయి గనక ఉత్తరం రాస్తున్నాను. ఒరే తమ్ముడూ బెన్నీ, అమ్మకు చివరిదాకా చదివి వినిపించు. మధ్యలో ఆపకు.

నువ్వడిగిన మోకాళ్ళ నూనె కొరియర్లో పంపాను. నీ అల్లుడి రిటైర్మెంటు బాగా జరిగింది. ఒక రోజు హాయిగా ఉండి రమ్మని తోటి టీచర్లు మమ్మల్ని ఎక్కడికి పంపారో తెలుసా? మన ఏటిగడ్డ దొరల కోటకి. ఇప్పుడది పెద్ద హోటలు. నువ్వు అంట్లు తోమిన పెరట్లో గొడుగుల కింద కాఫీలు ఇస్తున్నారు. మాకు మేడ మీద గది ఇచ్చారు. కిటికీ తీస్తే కృష్ణ. పరుపు మెత్తగానే ఉంది కానీ నాకు ముళ్ళ మీద పడుకున్నట్టే ఉంది.

పొద్దున మేనేజరు వరప్రసాదరావు గారు కోటంతా తిప్పి చూపించారు. నాన్న జొన్నలు తీయడానికి దిగే పాతర మీద అద్దం బిగించి, లోపల లైటు పెట్టారు. ముందు దీపం దించి, అది ఆరకపోతేనే లోపల గాలుందని నాన్న దిగేవాడు. పక్కనే అద్దాల బీరువాలో వెండి చెంబు. మూతి దగ్గర సొట్ట. నువ్వు చింతపండుతో తోమిన చెంబేనమ్మా. అది పోయిందనే కదా నాన్నను స్తంభానికి కట్టి కొట్టారు.

“రిపేర్లప్పుడు పాతర గోడలో దొరికిందండి. పెద్ద దొరసానిగారు కాశీ వెళ్తా గూట్లో పెట్టి మట్టి మెత్తుకున్నట్టున్నారు. ఆవిడ అక్కడే పోయారంట. ఇంకెవరికీ తెలీలేదు” అన్నారాయన.

“దీనికోసం ఎవర్నన్నా కొట్టారా అండి?” అని అడిగాను. పాపం, ఆయనకేం తెలుసు. నవ్వి పక్క గదిలోకి దారి చూపించారు.

నాన్న దొంగ కాడు. ఆ దెబ్బలకు నెల తిరక్కుండా పోయిన నీ పెనిమిటి కృపారావు దొంగ కాడు. చెంబు పక్కన పెట్టిన చీటీలో ఆ సంగతి రాయమని అర్జీ ఇచ్చి వచ్చాను. రాస్తారో లేదో చెప్పలేను.

అప్పటి మన పక్కింటి రత్తమ్మ ఇంకా బతికే ఉందా అని పోయిన ఉత్తరంలో అడిగావు. ఉంది. మంచాన పడింది. నాన్న మూట తెచ్చాడని కోటలో చెప్పింది ఆమేనని నలభై ఏళ్ళుగా తిడుతున్నావు. ఆమెను నాన్న శవం దగ్గరికి కూడా రానివ్వలేదు. అమ్మా, చెప్పింది రత్తమ్మ కాదు. నేను.

చెంబు పోయిందని వెతికే రోజుల్లో నీ కోసం కోట పెరట్లోకి వస్తే గుమాస్తా బెల్లం ముక్క చేతిలో పెట్టి, “మీ నాన్న ఇంటికి ఏమన్నా తెచ్చాడా?” అన్నాడు. తువ్వాల్లో మూట తెచ్చాడని చెప్పాను. పాతర అడుగున మిగిలిన గింజలు దిగినవాడివే కదా, అవే తెచ్చాడు. ఏం మూట అని వాడు అడగలేదు. జొన్నలని నేనూ అనలేదు. నాకు పదేళ్ళు.

నాన్నకు తెలుసు. పోయేముందు నన్ను దగ్గరికి పిలిచి, “నువ్వు చూసిందే చెప్పావులేవే. మీ అమ్మకి మటుకు చెప్పమాక, నిన్ను దగ్గరికి రానీదు” అన్నాడు. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్ళూ నీ ఒళ్ళో పడుకున్నాను.

ఆదివారం చర్చి అయ్యాక రత్తమ్మ దగ్గరికి వెళ్తున్నాను. నన్ను ఏమైనా అను. ఆమెను మాత్రం ఇంక ఏమీ అనకు.

ఇట్లు,
నాన్న దాచిపెట్టిన నీ కూతురు,
గ్రేసీ.