మా కరుణ లేచి నిలబడింది

ఆదివారం రాత్రి, నాగాయలంక

ఈ రోజు మా చెల్లి కరుణని చూసి ఎంత గర్వపడ్డానో రాసుకోకపోతే నిద్ర పట్టేలా లేదు.

నిరుడు తాగి ట్రాక్టర్ నడిపి కరుణ భర్తని గుద్ది చంపిన ప్రసాదు, నిన్న పచ్చకామెర్లతో చనిపోయాడు. అలాంటివాడికి మన సమాధుల తోటలో చోటు లేదని ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు తేల్చేశారు. అతని తల్లి చర్చి మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. నిజం చెప్పాలంటే పెద్దల మాటే నాకూ సబబనిపించింది.

అప్పుడు కరుణ లేచింది.

"అతను చేసింది చిన్న తప్పని నేననను. తీర్పు దేవుడు చూసుకుంటాడండీ. వాళ్ళమ్మ ఏం చేసింది? గొయ్యి తవ్వించండి."

పెద్దలే గొయ్యి తవ్వడానికి మనుషుల్ని పంపారు. పాస్టరుగారు బైబిలు తీసుకుని ముందు నడిచారు. మట్టి వేసేటప్పుడు కూలబడిపోతున్న ఆ తల్లిని కరుణే పట్టుకుని నిలబెట్టింది.

ఇంటికొచ్చాక, "అతన్ని క్షమించేశావా?" అని అడిగాను.

"లేదక్కా. ఇంకా ప్రార్థన చేసుకుంటున్నాను. కానీ ఆవిడ ఏడుపు నాకు తెలిసిన ఏడుపే."

రేపు ఆవిడకి అన్నం పట్టుకెళ్తుందట. నేనూ వస్తానన్నాను. ఆవిడ ముఖం చూడగలనో లేదో తెలియదు. మా చెల్లి పక్కన మాత్రం నడుస్తాను...